కోదాడలో పచ్చళ్ల వ్యాపారం రిజిస్టర్ చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కోదాడ కోడలు | 12 మే 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, గోంగూర, కారప్పొడులు చేసి వాట్సాప్‌లో అమ్ముతున్నాం. చెయ్యి మా అత్తగారిది. తూకం, ప్యాకింగు, ఫోన్లు నావి. మా ఆడపడుచుది జగ్గయ్యపేట, ఆర్డర్లలో సగం తనే పట్టుకొస్తుంది. నిరుడు మొత్తం మీద ఆరు లక్షల దాకా అమ్మాం. సీజన్‌లో పనికి ఇద్దరు ఆడవాళ్లు వస్తారు.

ఈ ఏడు ఊళ్లో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు మా సీసాలు పెడతామన్నారు. తీరా చూస్తే, "నంబరు లేని సీసా మేం ముట్టుకోం అమ్మా" అన్నారు. ఏం నంబరో వాళ్లకీ సరిగ్గా తెలియదు. ఎవరిని అడిగినా ఒక్కో మాట. మీసేవ అబ్బాయి లేబర్ లైసెన్సు అన్నాడు, మా వారి స్నేహితుడు ముందు జీఎస్టీ అన్నారు. నిన్న ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) అని నెట్‌లో వెతికి, మొదట కనబడిన సైటులో వివరాలన్నీ నింపాను. చివర్లో 2,499 కట్టమంది. కట్టబోయి ఆగిపోయాను.

ఏది ముందు, ఏది వెనక? ఇద్దరం కలిసి చేస్తున్నాం కాబట్టి కంపెనీ పెట్టాలా?

మిరపతొడిమ | 12 మే 2025, రాత్రి 10:52

కట్టకండి! ఉద్యమ్‌కి ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. ఆధార్, పాన్, ఫోనుకొచ్చే ఓటీపీ ఉంటే ఇరవై నిమిషాల పని. సైటు పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. మీరు చూసింది ప్రైవేటు వాళ్లది. మూడు సింహాల బొమ్మ, జాతీయ జెండా రంగులు అన్నీ పెట్టి అచ్చం సర్కారు సైటులాగే ఉంటుంది. నేను అలాగే మోసపోయాను, రసీదు ఇప్పటికీ దాచుకున్నాను, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వివరాలు ఇచ్చేశారు కాబట్టి రేపట్నుంచి ఫోన్లు వస్తాయి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి.

లెక్కల మాస్టారు | 13 మే 2025, ఉదయం 6:15

అమ్మా, నేను ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేశాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు మీ చివరి ప్రశ్న. కంపెనీ అక్కర్లేదు. మన దగ్గర సొంత పేరు మీద చేసే వ్యాపారానికి, అంటే ప్రొప్రైటర్‌షిప్‌కి, "ఇదిగో రిజిస్టరైంది" అని చెప్పే కాగితం వేరే ఏదీ ఉండదు. చాలామంది అక్కడే తికమకపడతారు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్. ఫుడ్ రిజిస్ట్రేషన్, ఉద్యమ్, లేబర్ లైసెన్సు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఇవన్నీ కలిస్తే అదే వ్యాపారానికి గుర్తింపు.

సూపర్ మార్కెట్ వాళ్లడిగిన నంబరు ఎఫ్ఎస్ఎస్ఏఐది, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థది, పద్నాలుగు అంకెలు. టర్నోవరు ఏడాదికి 12 లక్షల లోపు కాబట్టి మీకు బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు. వాళ్ల ఫాస్కాస్ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఒక్క చోట జాగ్రత్త. వ్యాపారం రకం అడిగినప్పుడు చాలామంది "రిటైలర్" అని నొక్కేస్తారు. మీరు తయారీదారు. పండ్లు, కూరగాయల ప్రాసెసింగ్ కింద తయారీ అని ఎంచుకోవాలి. పొడులు కూడా చేస్తున్నారు కాబట్టి అవీ కలపండి. తప్పు కేటగిరీతో తీసుకుంటే నంబరు వస్తుంది, కానీ తనిఖీకి వచ్చిన రోజున అది పనికిరాదు.

వరస అడిగారు కదా. ముందు ఉద్యమ్, వెంటనే ఫుడ్ రిజిస్ట్రేషన్, తర్వాత లేబర్ లైసెన్సు. ఈ కాగితాల్లో ఏ రెండున్నా బ్యాంకులో కరెంటు అకౌంటు తెరుస్తారు. జీఎస్టీ గురించి మాత్రం ఒకటి చెప్పండి. మీ సీసాలు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయి?

కోదాడ కోడలు | 13 మే 2025, మధ్యాహ్నం 2:05

చాలా థాంక్స్ మాస్టారూ. కోదాడ, హుజూర్‌నగర్, హైదరాబాద్‌లో కొంత. జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడకి కొంత, ఇంచుమించు సగం సగం. హైదరాబాద్ వాళ్లకి ఆర్టీసీ కార్గోలో వేస్తాం. జగ్గయ్యపేటకి మా వారు ఆదివారం బండి మీద తీసుకెళ్లి ఆడపడుచు ఇంట్లో దింపుతారు, తను పంచుతుంది. మొత్తం ఆరు లక్షలే కాబట్టి జీఎస్టీ అవసరం రాదనుకుంటున్నా.

లెక్కల మాస్టారు | 13 మే 2025, రాత్రి 9:30

మెలిక ఇక్కడే ఉందమ్మా. మీ ఆరు లక్షలకి జీఎస్టీ అక్కర్లేదు. ఆదివారం బండికి కావాలి.

విడమరిచి చెబుతాను. సరుకులు అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2019లో పరిమితి పెంచినప్పుడు తెలంగాణ పెంచుకోలేదు, మనకి ఇంకా 20 లక్షలే. మీరు అంతకన్నా చాలా కిందే ఉన్నారు. కానీ ఈ పరిమితులన్నీ సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. పన్ను ఉన్న సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. హైదరాబాద్ 170 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడికి పంపితే ఏమీ లేదు. జగ్గయ్యపేట అరగంట దూరం, అక్కడికి పంపితే అంతర్రాష్ట్రం.

బెజవాడ బాబాయ్ | 13 మే 2025, రాత్రి 10:10

మాస్టారూ, మీరు పాపం ఆ అమ్మాయిని భయపెడుతున్నారు. మా వీధిలో యూట్యూబ్ ఛానెల్ పెట్టుకుని అమెరికా దాకా సున్నుండలు పంపేవాళ్లున్నారు. నాలుగు సీసాలు సరిహద్దు దాటితే ఎవరు చూస్తారండీ? పైగా రాష్ట్రం దాటినా 20 లక్షల దాకా ఫరవాలేదని మా ఆడిటరే చెప్పాడు.

లెక్కల మాస్టారు | 14 మే 2025, ఉదయం 6:05

బాబాయ్ గారూ, మీ ఆడిటర్ చెప్పింది సేవల గురించి అయ్యుంటుంది. డిజైన్ పని, ట్యూషన్ చెప్పడం లాంటివి రాష్ట్రం దాటినా 20 లక్షల వరకు మినహాయింపు ఉంది. సరుకుకి లేదు. ఏవో కొన్ని చేతివృత్తుల వస్తువులకి ఇచ్చారు. ఆవకాయ చేత్తోనే కలుపుతారు కానీ ఆ జాబితాలో లేదు.

ఎవరు చూస్తారంటారా, బండిని ఎవరూ ఆపకపోవచ్చు. కానీ ఈవిడ సూపర్ మార్కెట్‌లోకి వెళ్తున్నారు, కరెంటు అకౌంటు తెరుస్తున్నారు, డబ్బంతా యూపీఐలో వస్తోంది. ఇన్నాళ్లూ లేని జాడలన్నీ ఇప్పుడే మొదలవుతాయి.

సీతాఫలం | 14 మే 2025, ఉదయం 11:20

జగ్గయ్యపేట వాళ్లే కోదాడ వచ్చి కొనుక్కుంటే?

లెక్కల మాస్టారు | 14 మే 2025, మధ్యాహ్నం 1:00

మంచి ప్రశ్న. మీ గుమ్మంలో డబ్బిచ్చి సీసా పట్టుకెళ్తే, బిల్లులో వాళ్ల ఊరి చిరునామా రాయకపోతే, అది తెలంగాణ అమ్మకమే. ఆ తర్వాత వాళ్లు ఏ ఊరు తీసుకెళ్లినా మీకు సంబంధం లేదు. మీరు తీసుకెళ్లి ఇస్తేనే తంటా.

కోదాడ కోడలు | 14 మే 2025, రాత్రి 11:15

నిన్నటి నుంచీ ఇంట్లో ఇదే టెన్షన్. మా అత్తగారైతే "జగ్గయ్యపేట ఎప్పుడు పరాయి ఊరైందే" అంటున్నారు. ఆవిడ పుట్టిల్లు అక్కడే మరి.

జీఎస్టీ తీసుకుంటే కొనేవాళ్ల మీద ఎంత పడుతుంది? కాంపోజిషన్ అని ఒకటుంది, ఒక్క శాతమే అంటున్నారు, నిజమేనా?

లెక్కల మాస్టారు | 15 మే 2025, ఉదయం 6:20

నిజమే, చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం కట్టేసే పద్ధతి అది, తయారీదారులకి ఒక్క శాతం. కానీ కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. అంటే మీకు ఎందుకు కావాలో అందుకే పనికిరాదు.

మామూలు జీఎస్టీలో పచ్చడికి 12 శాతం. విడిగా మిరప్పొడి, పసుపు లాంటివి 5. అన్నీ కలిపి దంచిన కారప్పొడి మసాలా దినుసా, కలిపిన మసాలా మిశ్రమమా అని జీఎస్టీలో సరుకుకిచ్చే కోడ్ దగ్గర ఎప్పుడూ వాదనే. కాస్త ఊరట ఏమిటంటే, సీసాలు, డబ్బాల మీద మీరు కట్టే 18 శాతం తిరిగి సర్దుకోవచ్చు. రిటర్నులు మూణ్నెల్లకోసారి వేసుకునే వీలుంది. ఆ మూణ్నెల్లలో ఏమీ అమ్మకపోయినా సున్నా రిటర్ను వేయాల్సిందే. చిన్న వ్యాపారాలు జరిమానాల్లో పడేది పన్ను ఎగ్గొట్టి కాదు, ఈ సున్నా రిటర్ను మర్చిపోయి.

టెక్సాస్ తెలుగమ్మాయి | 15 మే 2025, ఉదయం 8:45

ఇది చదువుతుంటే మా గోల గుర్తొచ్చింది. ఇక్కడ సొంతంగా చేసుకునేవాళ్లు వ్యాపారం పేరుని కౌంటీ క్లర్క్ ఆఫీసులో నమోదు చేస్తారు. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) కావాలంటే రాష్ట్రానికి 300 డాలర్లు. ఇంటి వంట అమ్ముకోవడానికి వేరే చట్టం ఉంది, అదీ రాష్ట్రానికొకటి. ఇవన్నీ తేలికే. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉండి ఈఏడీ (పని చేసే అనుమతి) లేనివాళ్లు మాత్రం సరదాకైనా అమ్మకం మొదలుపెట్టకండి, వీసాకే ముప్పు. అక్కా, మీ మాగాయ ఇక్కడికి పంపుతారా?

నిర్వాహకుడు | 15 మే 2025, ఉదయం 9:30

అమెరికా సంగతులకు వేరే చర్చ తెరవండి. ఆర్డర్లు ఇక్కడ వద్దు.

పల్లెటూరి పిల్ల | 16 మే 2025, సాయంత్రం 5:10

అక్కా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. మీ ఆడపడుచు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. వ్యాపారం నీ పేరు మీద పెడితే కాగితం మీద ఆమెకి ఏమీ ఉండదు కదా. మా ఇంట్లో ఇట్లనే అయింది. బావుంది అన్నన్నాళ్లు బావుంది. డబ్బు కనపడ్డాక "సగం ఆర్డర్లు నావి" అని మా చిన్నమ్మ, "లైసెన్సు నాది" అని మా అమ్మ. ఇప్పుడు పండక్కి కూడా మాటల్లేవు.

లెక్కల మాస్టారు | 16 మే 2025, రాత్రి 8:40

ఈ పిల్ల అడిగింది నేను మొదట్లోనే అడగాల్సింది.

భాగస్వామ్యం పెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకుని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు తప్పనిసరి కాదు. కానీ నమోదు కాని ఫర్మ్ తనకి రావాల్సిన బాకీ కోసం కోర్టుకి వెళ్లలేదు, 1932 నాటి భాగస్వామ్య చట్టంలోనే ఉంది. ఇంకోటి, ఫర్మ్ లాభం మీద నేరుగా 30 శాతం ఆదాయపు పన్ను. ప్రొప్రైటర్‌కైతే మామూలు శ్లాబులు. మీ స్థాయికి భాగస్వామ్యం బరువే.

ఇంకో దారి ఉంది. మీ ఆడపడుచుకి పచ్చడి పెట్టడం వచ్చా?

కోదాడ కోడలు | 16 మే 2025, రాత్రి 9:15

వచ్చా అంటారేంటి మాస్టారూ, అత్తగారి కూతురే కదా! మాగాయ అయితే తనదే బాగుంటుంది (ఈ మాట ఇంట్లో అనలేను).

లెక్కల మాస్టారు | 16 మే 2025, రాత్రి 9:50

అయితే ఆవిడ జగ్గయ్యపేటలో విడిగా పెట్టుకోవాలి. తన పాన్, తన ఉద్యమ్, తన ఫుడ్ నంబరు, తన అకౌంటు. ఆంధ్ర ఆర్డర్లకి అక్కడే తయారు చేసి అక్కడే అమ్మాలి. మీరు ఇక్కడ తెలంగాణ వరకే. ఇద్దరూ ఎవరి రాష్ట్రంలో వాళ్లు, ఎవరి పరిమితిలో వాళ్లు. అప్పుడు జీఎస్టీ ఇద్దరికీ అక్కర్లేదు.

నిజంగా విడిగా ఉండాలి సుమా. మీ సీసాలు బండి మీద వెళ్లి ఆవిడ స్టిక్కరు వేసుకుంటే అది మళ్లీ పాత కథే, ఇంకో తప్పు కూడా తోడవుతుంది.

బెజవాడ బాబాయ్ | 16 మే 2025, రాత్రి 10:30

శభాష్ మాస్టారూ. ఇంతసేపూ మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. రాష్ట్ర విభజన పచ్చడి జాడీలోకి కూడా వచ్చిందన్నమాట.

మిరపతొడిమ | 2 జూన్ 2025, మధ్యాహ్నం 12:10

అక్కా, లేబుల్ సంగతి ముందే చూసుకో. నేను ఐదు వేల స్టిక్కర్లు కొట్టించి పారేశాను. పేరు, బరువు, ధర అందరూ వేస్తారు. తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, బ్యాచ్ నంబరు, పూర్తి చిరునామా, ఫిర్యాదుకి ఫోను, ఆకుపచ్చ చుక్క, ఫుడ్ నంబరు కూడా ఉండాలి. దినుసుల జాబితాలో ఎక్కువ వాడినది ముందు రావాలి. నేను గొప్పగా "నువ్వుల నూనె" మొదట రాయించా, మామిడికాయ ముక్కలు నాలుగో వరసలో. ఆఫీసరు నవ్వి, "ఇది నూనె పచ్చడా అమ్మా?" అన్నాడు. పల్లీ కారం చేస్తుంటే వేరుశనగ ఉందని విడిగా రాయాలి, అలర్జీ ఉన్నవాళ్ల కోసం.

తేదీ, బ్యాచ్ మాత్రం ప్రింటు కొట్టించకు, ఖాళీ వదిలి రబ్బరు స్టాంపు వేసుకో.

తూనికలు, కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదు కూడా ఉంది, 500 రూపాయలు, ప్యాకింగు మొదలుపెట్టిన తొంభై రోజుల్లోపు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా ముద్ర వేయించాలి. చిన్నవాళ్లలో చాలామందికి తెలియదు, కానీ కేసులు పడేది ఎక్కువ ఇక్కడే.

గోదారి గట్టు | 3 జూన్ 2025, రాత్రి 7:25

పేరు కూడా చూసుకోండమ్మా. "అమ్మమ్మ", "నానమ్మ" అని పెట్టాలనుకుంటే ముందు ట్రేడ్‌మార్క్ సైటులో వెతకండి, ఎంతమంది అమ్మమ్మలున్నారో తెలుస్తుంది. పచ్చళ్లు 29వ తరగతి, పొడులు 30. ఒక్కో తరగతికి ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, చిన్న సంస్థలకి 4,500.

కోదాడ కోడలు | 19 జూలై 2025, రాత్రి 10:00

ఇన్నాళ్లూ రాయలేదు, ఆవకాయ సీజన్‌లో ఊపిరాడలేదు. ఉద్యమ్ అదే రోజు వచ్చింది. ఫుడ్ నంబరు కూడా వచ్చింది, తనిఖీకి ఒకాయన వచ్చి వంటిల్లు, నీళ్ల ట్యాంకు చూసి, కిటికీకి దోమతెర వేయించమన్నారు. అత్తగారు ఆయనకి వేడి అన్నంలో కొత్తావకాయ కలిపి పెడతానంటే వద్దని పారిపోయినంత పని చేశారు. మా ఆడపడుచు కూడా తన పేరు మీద పెట్టుకుంది. మొదట అలిగింది, "నన్ను వేరు చేస్తున్నారా" అని. ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను.

సూపర్ మార్కెట్‌లో నలభై సీసాలు పెట్టాం, ఇరవై ఆరు అమ్ముడయ్యాయి.

కరీంనగర్ కాకా | 20 జూలై 2025, ఉదయం 7:40

మంచిగైంది బిడ్డా. పెద్ద గ్రైండరు, సీలింగ్ మిషన్ కొనేదుంటే పీఎంఎఫ్ఎంఈ అని చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర పథకం ఉంది, చూడు. లోను తీసుకుంటే యూనిట్ ఖర్చు మీద 35 శాతం సబ్సిడీ, పది లక్షలకు మించకుండ. మేం పల్వరైజర్ దానిమీదనే తెచ్చినం. ఒక బ్యాంకు మమ్మల్ని నాలుగు నెలలు తిప్పింది, ఇంకో బ్యాంకు మూడు వారాల్ల ఇచ్చింది. సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్లు లోను ఖాతాకి జతగా ఉంచి తర్వాత సర్దుతరు. అది చెప్పకుండ "పైసలు ఫ్రీ" అనేటోళ్లని నమ్మకు.

కోదాడ కోడలు | 14 అక్టోబర్ 2025, రాత్రి 9:20

మాస్టారూ, అంత కష్టపడి తప్పించుకున్నాం, చివరికి జీఎస్టీ తీసుకోవాల్సి వచ్చింది. మా మరిది బెంగళూరులో ఉండే అపార్ట్‌మెంట్ వాళ్లు దసరాకి 60 కిలోలు అడిగారు. వదులుకోబుద్ధి కాలేదు.

దరఖాస్తులో ఒక చోట ఇరుక్కున్నా. కరెంటు బిల్లు ఇప్పటికీ మా మామగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి ఆరేళ్లయింది. దాని మీద నోటీసు వచ్చింది, ఏడు పనిదినాల్లో జవాబివ్వమని. ఇంటి పన్ను రసీదు అత్తగారి పేరు మీద ఉంది. తెల్లకాగితం మీద "నా కోడలు ఈ ఇంట్లో వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని రాయించి, ఆవిడ ఆధార్ జత చేశాను. ఇంటి ఓనరు దగ్గర కాగితం తీసుకున్నట్టు అనిపించి నవ్వొచ్చింది. ఆవిడ సంతకం పెడుతూ, "అద్దె ఎంతిస్తావ్?" అన్నారు. అయిదు రోజుల్లో నంబరు వచ్చింది.

లెక్కల మాస్టారు | 15 అక్టోబర్ 2025, ఉదయం 6:10

సరిగ్గా చేశావమ్మా. ఇల్లు బంధువులదైతే సమ్మతి పత్రం తెల్లకాగితం మీద ఉన్నా చాలని ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకి స్పష్టంగా చెప్పింది. అద్దె ఒప్పందం, నోటరీ అంటూ తిప్పేవాళ్లకి ఆ తేదీ చెప్పండి.

ఇంకో మాట, మీరు మంచి సమయంలో తీసుకున్నారు. సెప్టెంబర్ 22 నుంచి పచ్చడి మీద పన్ను 12 నుంచి 5కి దిగింది. కలిపిన మసాలాలూ 5లోకే వచ్చాయి, ఆ కోడ్ వాదనా పోయింది. మీ మొదటి రిటర్ను జనవరిలో, మర్చిపోకండి.

పల్లెటూరి పిల్ల | 15 అక్టోబర్ 2025, సాయంత్రం 6:30

అక్కా, మరి ఇప్పుడు నీకు జీఎస్టీ ఉంది కదా, జగ్గయ్యపేట కూడా నువ్వే పంపొచ్చు. ఆడపడుచు సంగతి?

కోదాడ కోడలు | 15 అక్టోబర్ 2025, రాత్రి 10:05

అడిగాను. "నా నంబరు నాకుంది, నందిగామ నాది, విజయవాడ నాది, మీ వైపు నుంచి సీసా వస్తే ఊరుకోను" అంది. తన మాగాయకి నా దగ్గరికన్నా కిలోకి నలభై ఎక్కువ పెట్టింది, అయినా నిలవట్లేదు.

బెజవాడ బాబాయ్ | 15 అక్టోబర్ 2025, రాత్రి 10:20

ఆ విజయవాడ నంబరు ఇటు పంపమ్మా, రెండు కిలోలు కావాలి.

నిర్వాహకుడు | 15 అక్టోబర్ 2025, రాత్రి 10:24

బాబాయ్ గారూ, ఆర్డర్లు ఇక్కడ వద్దని ముందే చెప్పాను. కోదాడ కోడలు గారూ, నాకు ఆ నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి.